ముందు పని లెక్క, ఆ తర్వాతే రేటు

కొత్త అపార్ట్‌మెంట్లో దిగిన వారంలోపు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇక్కడ పనిమనిషి రేట్లు ఎలా ఉన్నాయండీ?" ఎదురు ఫ్లాట్ ఆవిడ ఒక అంకె చెబుతుంది. వాచ్‌మన్ ఇంకో అంకె చెబుతాడు. పని అడగడానికి వచ్చిన మనిషి మూడోది చెబుతుంది. ముగ్గురిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. ఒకరు అంట్ల గురించి చెబుతున్నారు, ఒకరు అంట్లూ ఇల్లూ కలిపి చెబుతున్నారు, మూడో మనిషి మీ ఇంట్లో ఎంతమందో చూసి చెబుతోంది.

పనిమనిషితో వచ్చే గొడవలు చాలావరకు పైకి డబ్బు గొడవల్లా కనిపిస్తాయి. లోపల చూస్తే అవి పని ఎంతో తేల్చుకోని గొడవలు. నమ్మకం సంగతీ అంతే. ఏం చేయాలో, ఎంత ఇస్తామో, ఎప్పుడు ఇస్తామో తేలని ఇంట్లో ఎంత నిజాయితీ గల మనిషైనా ఏదో ఎగ్గొడుతున్నట్టే కనిపిస్తుంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలో రోజూ వచ్చి పనిచేసి వెళ్లేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి ఈ చిట్కాలు.

1. మనిషిని వెతికే ముందు పనిని కాగితం మీద పెట్టండి.

"ఇంటిపని" అంటే చాలదు. అంట్లు ఒక పూటా, రెండు పూటలా? ఊడ్చి తడిబట్ట పెట్టడం రోజూనా, రోజు విడిచి రోజా? బాత్‌రూములు ఎన్ని, వారానికి ఎన్నిసార్లు కడగాలి? బట్టలు మెషీన్లోంచి తీసి ఆరేస్తే చాలా, మడతలు కూడా పెట్టాలా? బాల్కనీ, వాకిట్లో ముగ్గు, చెత్త కింద పడేయడం ఎవరి పని? బూజు దులపడం, ఫ్యాన్లు తుడవడం నెల జీతంలోకే వస్తాయా, వేరే లెక్కా?

గొడవంతా ఈ చివరి ప్రశ్న దగ్గరే పుడుతుంది. చేరిన మొదటి నెలలో "ఈ నాలుగు కూరగాయలు తరిగిపెట్టమ్మా" అంటారు. రెండో నెలకు అది రోజువారీ పని అవుతుంది. మూడో నెలలో ఆమె జీతం పెంచమంటే "అప్పుడే పెంచమంటోంది చూడండి" అంటారు. ఆమె అడుగుతున్నది పెరిగిన పనికి డబ్బు.

2. ఆ పనంతా ఒకరోజు మీరే చేసి, ఎంతసేపు పట్టిందో గడియారం చూడండి.

అలవాటు లేని చేతికి కాస్త ఎక్కువే పడుతుంది, ఆ కాస్తా తీసెయ్యండి. అయినా "అరగంట పనే కదా" అనేది గంటంపావు అని తేలితే బేరం ఆడే ధోరణి దానంతట అదే మారుతుంది. ఇంట్లో మగవాళ్లు బేరమాడే పక్షంలో గడియారం వాళ్ల చేతికే ఇవ్వండి.

3. పనికింత అని చెప్పిన రేటును గంటల్లోకి మార్చి చూసుకోండి.

మన ఊళ్లలో బేరం అంట్లకింత, ఇల్లు ఊడ్చి తుడిచినందుకింత, బట్టలకింత అని సాగుతుంది. అలాగే మాట్లాడుకోండి, తప్పేం లేదు. కానీ న్యాయంగా ఉందో లేదో తెలియాలంటే గంట లెక్క కట్టాల్సిందే. మాటవరసకు రోజుకు గంటన్నర పని అనుకుందాం. రెండు నాగాలు పోగా నెలకు 28 రోజులు, అంటే 42 గంటలు. నెలకు 3,000 ఇస్తే గంటకు 71 రూపాయలు పడుతుంది. 4,200 ఇస్తే 100 రూపాయలు.

ఇప్పుడు ఆమె వైపు నుంచి చూడండి. ఇలాంటి ఇళ్లు నాలుగు చేస్తే పని ఆరు గంటలు. మధ్యలో నడక, మెట్లు, బెల్లు కొట్టి తలుపు తీసేదాకా గుమ్మంలో నిలబడటం, వీటికి ఎవరూ డబ్బివ్వరు. ఇంటికి 3,000 చొప్పున నాలుగిళ్లకూ కలిపి చేతికి వచ్చేది 12,000. మీ ఊళ్లో ఒక గది అద్దె, గ్యాసు సిలిండరు, ఇద్దరు పిల్లల ఫీజులు ఆ డబ్బులో సర్దగలరేమో మీరే వేసి చూడండి. ఇరుగుపొరుగు రేటు ఒక్కటే కాదు, ఈ లెక్క కూడా ఎదురుగా ఉంటేనే న్యాయమైన ధర తేలుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే ఇంటిపనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చారు. కర్ణాటక అంతకు మూడేళ్ల ముందే ఆ పని చేసింది. మీ రాష్ట్ర కార్మిక శాఖ ప్రకటించే రేటు ఎంతో ఒకసారి చూసుకోండి. అంతకన్నా తగ్గకూడదని దానర్థం, అంతే ఇవ్వాలని కాదు.

కొన్ని అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో "పనివాళ్లకు ఇంతకు మించి ఎవరూ ఇవ్వొద్దు" అని తీర్మానాలు చేస్తుంటారు. ఆ తీర్మానం చేసేవాళ్ల జీతాలకు అలాంటి హద్దు వాళ్ల ఆఫీసులో పెడితే ఎలా ఉంటుందో! నా మట్టుకు నేను పక్కింటి కన్నా ఓ రెండు మూడొందలు ఎక్కువ ఇవ్వడమే మేలంటాను. అందరికన్నా తక్కువకు వచ్చే మనిషి కోసం వెతకడం అన్నిటికన్నా ఖరీదైన పద్ధతి. ఆమె ఇంకో వందకు ఇంకో ఇంటికి వెళ్లిపోతుంది, మీరు మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు.

4. వెతకాల్సింది వాచ్‌మన్ ఒక్కడి దగ్గరే కాదు.

అపార్ట్‌మెంట్లో వాచ్‌మనే ఉపాధి కల్పనాధికారి. మంచిదే, కానీ కొన్నిచోట్ల మొదటి నెల జీతంలో అతనికీ వాటా వెళుతుంది. ఆ మాట ముందే అడిగి తెలుసుకోండి. ఇవ్వాల్సి వస్తే మీరే ఇచ్చేయండి, ఆమె జీతంలోంచి పోనివ్వకండి. మీ అంతస్తులో ఇప్పటికే పనిచేస్తున్న మనిషిని, ఇస్త్రీబండి అతన్ని, పాలు పోసేవాళ్లను కూడా అడగండి. ఒక మంచి పనిమనిషి తన చెల్లెల్నో, వదిననో, పక్కింటామెనో తీసుకొచ్చిందంటే అంతకు మించిన హామీ దొరకదు. పరువు ఇద్దరిదీ కాబట్టి.

ఏజెన్సీ ద్వారా పెట్టుకుంటే మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి: మీరు కట్టే డబ్బులో ఆమెకు చేరేది ఎంత, మనిషి మధ్యలో మానేస్తే ఇంకొకరిని ఎన్ని రోజుల్లో పంపుతారు, మనిషి నచ్చకపోతే కట్టిన డబ్బులో ఎంత వెనక్కిస్తారు. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పని ఏజెన్సీతో పని పెట్టుకోకండి.

5. దగ్గర్లో ఉన్న మనిషి దొరికితే దూరం మనిషి జోలికి వెళ్లకండి.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి సిటీ ఆర్డినరీ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. దూరం నుంచి వచ్చేవాళ్లకు అది పెద్ద ఊరటే. అయితే చార్జీ మిగిలినంత మాత్రాన టైము మిగలదు. వాన పడ్డ రోజు ఆమె రాలేకపోవడానికి కారణం బద్ధకం కాదు, దూరం.

6. పాత ఇంటివాళ్లను "నమ్మకస్తురాలేనా?" అని అడగకండి.

ఆ ప్రశ్నకు అందరూ "ఆఁ, మంచిదేనండీ" అంటారు. ఇంకేమంటారు? జవాబు తప్పించుకోలేని ప్రశ్నలు అడగాలి. నాగా పెట్టేటప్పుడు ముందు రోజు చెబుతుందా, ఆ పొద్దున చెబుతుందా, అసలు చెప్పదా? గిన్నె పగిలితే తనే చెప్పిందా, మీరు చెత్తబుట్టలో చూసుకున్నారా? ఎన్నాళ్లు చేసింది, ఎందుకు మానేసింది? మళ్లీ వస్తానంటే పెట్టుకుంటారా? ఈ ఆఖరి ప్రశ్నకు అవతలివాళ్లు ఒక్క క్షణం ఆగి జవాబు చెబితే, ఆ ఆగడమే జవాబు.

గేటు దగ్గర మైగేట్ లాంటి యాప్‌లో రాకపోకలు నమోదయ్యే చోట ఆమె ఎన్ని ఇళ్లలో చేస్తోందో, ఏ వేళకు వస్తోందో కనిపిస్తుంది. అక్కడి చుక్కల రేటింగుల కన్నా ఆ వేళల పట్టీనే నమ్మండి.

7. "మీరేమిట్లు?" అని కులం అడగొద్దు.

మాట కలిపే నెపంతో ఇప్పటికీ ఇది చాలా ఇళ్లలో మొదటి ప్రశ్న. దానికీ అంట్లు తోమడానికీ సంబంధం లేదు, నమ్మకానికి అసలే లేదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఎన్ని గంటలకు రాగలరు, ముందు ఎవరింటికి వెళ్తారు, పిల్లల బడి ఎన్నింటికి, ఊరికి ఏ నెలల్లో వెళ్తారు, నడుము నొప్పో మోకాళ్ల నొప్పో ఉంటే వంగి తుడవగలరా, కర్ర మాప్ కావాలా. ఆమెకూ మిమ్మల్ని అడగాల్సినవి ఉంటాయి, అడగనివ్వండి. ఇంట్లో ఎవరెవరుంటారు, కుక్క ఉందా, పని జరిగే వేళకు ఇంట్లో మగవాళ్లొక్కరే ఉంటారా అన్నవి ఆమెకు ప్రాణావసరమైన ప్రశ్నలు.

మీ ఇంటి ఆచారాలు కూడా అప్పుడే చెప్పేయండి. శుక్రవారం బూజు దులపకూడదు, దీపాలు పెట్టాక చీపురు పట్టకూడదు అనే పట్టింపు ఉంటే సాయంత్రం ఆరున్నరకు వచ్చే మనిషిని ఊడవడానికి పెట్టుకోవడంలో అర్థం లేదు.

8. గుర్తింపు కాగితాలు తీసుకోండి, ఒరిజినల్ మాత్రం దగ్గర పెట్టుకోకండి.

ఒక ఫొటో, ఇంటి చిరునామా, ఇంట్లో ఇంకొకరి ఫోన్ నంబరు, ఆధార్ నకలు చాలు. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది, అది సరిపోతుంది. ఆ నకలును అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టడం తప్పు. మీ ఆధార్ ఎవరైనా అలా పెడితే ఊరుకుంటారా? ఇంట్లోనే ఉండి పనిచేసేవాళ్లకు, తాళంచెవి అప్పగించేవాళ్లకు పోలీసు తనిఖీ తప్పకుండా చేయించండి. తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లో పనివాళ్ల వివరాలు నమోదు చేసే ఏర్పాటు ఉంది, లేదంటే మీ స్టేషన్లో అడగండి. చేయిస్తున్న సంగతి ఆమెకు ముందే చెప్పండి. చాటుగా చేస్తే అనుమానం అవుతుంది, చెప్పి చేస్తే పద్ధతి అవుతుంది.

9. పిల్లలు వద్దు.

పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచే నేరం. 2016 సవరణతో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఆ వయసువాళ్లతో ఏ పనీ చేయించకూడదన్నారు. మనవాళ్లు చాలామంది పిల్లను పనికి పెట్టుకోరు, నిజమే. కానీ "అమ్మకు జ్వరమొచ్చింది ఆంటీ, నన్ను పొమ్మంది" అని పదకొండేళ్ల పిల్ల స్కూలు మానేసి గుమ్మంలో నిలబడితే మాత్రం లోపలికి రానిస్తారు. పంపించేయండి. ఆ రోజు జీతం కోయనని తల్లికి ఫోన్ చేసి చెప్పండి, మళ్లీ పంపదు. ఎక్కడైనా పిల్లను పనిలో పెట్టి కొడుతున్నారని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి.

10. మొదటి వారం పరీక్ష, దానికీ జీతం.

"నాలుగు రోజులు చేసి చూపించు, నచ్చితే చూద్దాం" అని వట్టినే చేయించుకోకూడదు. ఏ రోజుకారోజు లెక్క కట్టి ఇవ్వాలి. ఈ వారంలో వెనకాలే తిరుగుతూ "అక్కడ, ఇక్కడ" అని చూపించడం కన్నా ఆమె వెళ్లాక కొన్ని చోట్లు చూడండి: స్టవ్వు కింద, కుక్కర్ మూత గాడి, తలుపు వెనక మూల, బకెట్టు అడుగు, సింకు జాలీ. మొదటి రోజు అన్నీ మెరవవు. కానీ సోమవారం చెప్పింది గురువారానికి సరిదిద్దుకుంటే ఆ మనిషిని వదులుకోకండి. చెప్పినప్పుడల్లా తలూపి, వారం తర్వాత కూడా అదే చోట అదే జిడ్డు ఉంటే మర్యాదగా చెప్పి పంపేయండి, నెలలు సాగదీయకండి.

11. నాగాల లెక్క క్యాలెండరు మీద.

నెలకు ఎన్ని నాగాలకు జీతం కోయరో ముందే చెప్పండి. రెండు మరీ తక్కువ, నాలుగు న్యాయం. వారానికో రోజు సెలవు మనం ఆఫీసులో హక్కుగా తీసుకుంటున్నదే కదా. జ్వరం వస్తే ఆ లెక్కలోంచి తీసేయండి. పండగల్లో ఏవి ఆమెవో అడగండి. హైదరాబాదులో ఆషాఢమాసం ఆదివారాల్లో బోనాలుంటాయి, అప్పుడు పనికి రమ్మంటే వస్తుందని ఆశపడటం అమాయకత్వం. బతుకమ్మ, క్రిస్మస్, రంజాన్, ఆమెకు ఏది పండగైతే ఆ రోజు ముందే క్యాలెండరులో చుట్టేయండి.

12. మీరు ఊరెళ్తే ఆమె జీతం కోయకండి.

సంక్రాంతికి పది రోజులు రాజమండ్రి వెళ్లొచ్చి, "ఈ నెల ఇరవై రోజులే చేశావు" అని మూడోవంతు కోసేవాళ్లున్నారు. ఆ పది రోజులూ మీ ఇంటి వేళ ఆమె దగ్గర ఖాళీగా ఉంది. ఆ వేళకు ఇంకో ఇల్లు ఒప్పుకోలేదు, మీ కోసమే అట్టిపెట్టింది. పాలవాడికి పాలు పోయని రోజు కోసినట్టు దీన్ని కోయడం కుదరదు.

13. జీతం రోజు మార్చకండి.

ఒకటో తారీఖంటే ఒకటో తారీఖు. శుక్రవారం డబ్బు బయటికి ఇవ్వని ఇళ్లుంటాయి. అలాంటప్పుడు ఒకటి శుక్రవారం పడితే గురువారమే ఇచ్చేయండి, శనివారానికి జరపకండి. నగదా, ఫోన్‌పేనా అన్నది ఆమెనే అడగండి. ఫోను ఇంట్లో వేరేవాళ్ల చేతిలో ఉండే మనిషికి, వేసిన డబ్బు ఆమెదాకా రాకపోవచ్చు. ఎలా ఇచ్చినా ఒక చిన్న పుస్తకంలో తారీఖు, మొత్తం రాసి ఇద్దరూ చూసుకోండి.

ఎంత పెంచుతారో, ఎప్పుడు పెంచుతారో కూడా చేరేటప్పుడే చెప్పాలి. ఉగాదికో, దసరాకో. పండక్కి చీర పెట్టడం వేరు, జీతం పెంచడం వేరు. చీర పెట్టాను కదా అని పెంపు ఎగ్గొట్టకూడదు.

14. చుట్టాలొచ్చినప్పుడు, వ్రతం పెట్టుకున్నప్పుడు పని విడిగా కట్టండి.

శ్రావణ శుక్రవారానికి ఇత్తడి సామానంతా చింతపండు పెట్టి తోమడం రోజువారీ అంట్ల పనిలోకి రాదు. "ఈ రోజు పదిమంది భోజనాలు, రెండొందలు ఎక్కువ ఇస్తాను" అని ముందు రోజే చెప్పండి. పని అయ్యాక నాలుగు గారెలు, కాస్త పులిహోర కట్టివ్వడం మంచిదే. కానీ అది మీ మర్యాద, కూలి కాదు.

15. అడ్వాన్సు ఇస్తే రాసిపెట్టండి, దాన్ని సంకెళ్లు చేయకండి.

పిల్ల ఫీజుకో, ఊళ్లో ఇంటి కప్పుకో ఒకేసారి పెద్ద మొత్తం అడగటం సహజం. మీరు వదులుకోగలిగినంతే ఇవ్వండి. నెలకు ఎంత పట్టుకుంటారో ఇద్దరూ ఒప్పుకున్నాక పుస్తకంలో రాయండి. ఆ పట్టే మొత్తం జీతంలో ఐదోవంతు దాటితే ఆమె రెండో నెలే మళ్లీ అప్పు అడుగుతుంది, అది మీ లెక్కలో తప్పు. "అప్పు తీరేదాకా మానడానికి వీల్లేదు" అనడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టానికే విరుద్ధం. ఆ మాట నోటి వెంట రానివ్వకండి.

16. ఎర వేయకండి.

నిజాయితీని పరీక్షించడానికి మంచం కింద ఐదువందల నోటు పడేసే అలవాటు కొందరికి ఉంది. ఆమె దాన్ని తెచ్చి ఇస్తుంది, ఇది ఎరేనని ఆమెకూ తెలుసు. ఎంతమంది యజమానురాళ్లను చూసిందో! ఆ క్షణం నుంచి మీ ఇల్లు ఆమె దృష్టిలో చులకనైపోతుంది. దానికన్నా నగలు, నగదు, ఏటీఎం కార్డు, పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం సులువు. స్నానానికి వెళ్తూ ఉంగరం సింకు గట్టు మీద పెట్టే అలవాటు ముందు మానుకోండి.

17. ఏదైనా కనపడకపోతే ముందు ఒక రోజు ఆగండి.

దిండు గలీబు, వాషింగ్ మెషీన్ రబ్బరు మడత, కారు సీటు సందు, ఊరెళ్లినప్పటి బ్యాగు జేబు వెతకండి. పిల్లల్ని, పెద్దవాళ్లను అడగండి. అప్పటికీ దొరక్కపోతే ఆమెను ఒక్కదాన్నే పక్కకు పిలిచి, "ఫలానాది కనపడటం లేదు, సర్దేటప్పుడు ఎక్కడైనా చూశావా?" అని అడగండి. అందరి ముందూ కాదు, వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని కాదు. ఆమె సంచీ వెతకడం, ఇంటికి మనిషిని పంపడం అసలు చేయకండి. నిజంగా దొంగతనమేనని ఆధారం ఉంటే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి ఊరుకోండి, విచారణ వాళ్ల పని. ఆధారం లేకుండా గ్రూపులో ఆమె పేరూ ఫొటో పెట్టడం వల్ల ఒక్కరోజులో ఆమెకు మిగతా మూడిళ్లూ పోతాయి. తర్వాత ఆ వస్తువు మీ అల్మారాలోనే దొరికినా ఆ ఇళ్లు తిరిగిరావు.

18. తాళంచెవి, కెమెరా.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో చెవి ఇవ్వక తప్పదు. కనీసం రెండు మూడు నెలలు చూశాక ఇవ్వండి. వీలైతే ఎదురింట్లో పెట్టి, పని అయ్యాక తిరిగి ఇచ్చే ఏర్పాటు చేసుకోండి. నంబరు తాళం ఉన్న తలుపైతే ఆమెకు వేరే నంబరు పెట్టండి, మానేసిన రోజే తీసేయవచ్చు. ఇంట్లో కెమెరా ఉంటే ఎక్కడుందో చూపించి చెప్పండి. ఆమె చీర కొంగు సర్దుకునే, బట్టలు మార్చుకునే చోట కెమెరా ఉండకూడదు.

19. గ్లాసు, బాత్‌రూము, లిఫ్టు.

మీ మంచం మీద దుప్పటి ఆమె చేత్తో పరిపించుకుని, మీ కంచం ఆమె చేత్తో తోమించుకుని, ఆమెకు మాత్రం కిటికీలో పెట్టిన వేరే గ్లాసులో టీ పోయడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మూడిళ్లు చేసి వచ్చిన మనిషి బాత్‌రూముకు వెళ్లాలంటే పార్కింగులోకి దిగి వెళ్లాల్సి రావడం ఇంకా ఘోరం. ఆమె కడిగే బాత్‌రూమే ఆమె వాడుకోవచ్చని మొదటి రోజే చెప్పండి, ఎందుకంటే మీరు చెప్పందే ఆమె అడగదు. పనివాళ్లు లిఫ్టు ఎక్కకూడదని మీ అసోసియేషన్ రూలు పెడితే మీటింగులో లేచి మాట్లాడండి.

ఇంకొక్క సంగతి. 2013లో వచ్చిన లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ఇల్లు కూడా పని ప్రదేశమే, ఇంటిపని చేసే మనిషికీ ఆ చట్టం వర్తిస్తుంది. ఫిర్యాదు తీసుకోవడానికి ప్రతి జిల్లాలో లోకల్ కమిటీ ఉండాలి. ఇంట్లో మగపిల్లలకు, వచ్చే పోయే చుట్టాలకు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

20. యాసిడ్‌తో ఆటలొద్దు.

బోరునీళ్ల తెల్లమరకలు పోవాలని బాత్‌రూము టైల్స్ మీద యాసిడ్ పోయిస్తారు. ఆ పైన వాసన పోవడానికి బ్లీచింగ్ పౌడరు చల్లిస్తారు. టాయిలెట్ క్లీనర్‌లోని యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు వేసిన చిన్న బాత్‌రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది. రెండూ ఒకే రోజు వాడించకండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి తలుపు తీసి ఉంచండి, చేతులకు రబ్బరు గ్లవుజులు కొనిపెట్టండి. నాలుగో అంతస్తు కిటికీ అద్దాలు బయటినుంచి తుడవమని గట్టు మీదకు ఎక్కించకండి. లోపలినుంచి అందినంతే.

21. పండగ ముందు పెద్ద శుభ్రం వేరే మనుషులతో, వేరే బేరంతో.

దసరా, దీపావళి, సంక్రాంతి ముందు వారాల్లో క్లీనింగ్ కంపెనీల రేట్లు పెరుగుతాయి, టైము దొరకదు. ఒక నెల ముందే చేయించుకుంటే నయం. "టూ బీహెచ్‌కే ఇంత" అనే మాటతో సరిపెట్టుకోకుండా ఏమేమి వస్తాయో ఒక్కొక్కటీ అడగండి: ఫ్యాన్లు ఎన్ని, సోఫా కలిపేనా, చిమ్నీ విప్పుతారా, వంటింటి అరల్లో సామాను ఎవరు తీస్తారు, బాల్కనీ జాలీ ఉందా, జీఎస్టీ కలిపిన రేటేనా. మనుషులు ఎంతమంది, ఎన్ని గంటలన్నది కూడా. మొత్తం డబ్బు ముందే కట్టకండి. పని అయ్యాక వాళ్లుండగానే ఫ్యాన్ రెక్క మీద వేలు పెట్టి చూసి, అప్పుడు మిగతాది ఇవ్వండి.

22. ఊళ్లో అమ్మానాన్నలు ఒంటరిగా ఉంటే.

పిల్లలు డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉండి, విజయవాడలో పెద్దవాళ్లకు మనిషిని పెట్టే ఇళ్లు ఇప్పుడు వీధికి రెండు మూడున్నాయి. అక్కడ పని జాబితాలోకి రానివి రెండు ఖాయంగా చెప్పాలి. బ్యాంకు పని, ఏటీఎం, ఫోన్లో వచ్చే ఓటీపీ చెప్పడం ఆమె పనుల్లో లేవు, పెద్దవాళ్లు అడిగినా చేయకూడదు. మందులిచ్చే బాధ్యత అప్పగిస్తే దానికి వేరే జీతం, వేళల చీటీ ఉండాలి. జీతం పిల్లలు నేరుగా ఇవ్వాలి. పక్కింటివాళ్ల నంబరు ఆమె దగ్గర, ఆమె నంబరు పక్కింటివాళ్ల దగ్గర ఉండాలి.

23. ఏడాదికి 20 రూపాయలు.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్లవాళ్లకు ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా దొరుకుతుంది. ఈ-శ్రమ్‌లో అసంఘటిత కార్మికురాలిగా నమోదు చేయించడానికి ఖర్చే లేదు. నలభై ఏళ్లలోపు మనిషైతే శ్రమయోగి మాన్‌ధన్ పింఛను పథకం సంగతి కూడా చెప్పండి: వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే అంతే మొత్తం కేంద్రం కలుపుతుంది, అరవై దాటాక నెలకు 3,000 వస్తుంది. ఆదివారం ఒక అరగంట మీ ఫోన్ పట్టుకుని పక్కన కూర్చుంటే పనైపోతుంది. ఇంటిపనివాళ్ల కోసం ప్రత్యేకంగా కేంద్ర చట్టం లేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సంగతి పరిశీలించమని కేంద్రానికి చెప్పింది. అది వచ్చేదాకా ఆమెకున్న భద్రత ఇలాంటి చిన్నచిన్నవే.

24. మాన్పించాల్సి వస్తే.

నెల ముందు చెప్పండి, లేదా నెల జీతం ఇచ్చి పంపండి. ఆమె నుంచీ పదిహేను రోజుల ముందు మాట అడగవచ్చు. ఆఖరి రోజు దాకా లెక్క కట్టి డబ్బు చేతికివ్వండి, అడ్వాన్సు పుస్తకం ఇద్దరూ చూసుకుని కొట్టేయండి, తాళంచెవి తీసుకోండి. ఆమె గురించి కొత్త ఇంటివాళ్లు ఫోన్ చేస్తే మాత్రం దయచేసి విసుక్కోకుండా ఎత్తండి. రెండు నిమిషాలు కేటాయించి, బాగా చేసిన పని బాగా చేసిందని, నాగాలు ఎక్కువైతే ఎక్కువేనని ఉన్నదున్నట్టు చెప్పండి.